చేటలో మెతుకులు

మా అత్తవారింట్లో వాన సంగతి మామయ్య చెప్పేవాడు, ధర సంగతి అత్తమ్మ చెప్పేది. ఒకరి శాఖలో ఇంకొకరు వేలు పెట్టేవారు కాదు. పొద్దున మసీదులో నమాజు అయ్యాక అక్కడి అరుగు మీద కూర్చుని మామయ్య ఆకాశం గురించి నాలుగు మాటలు సెలవిచ్చేవాడు. మధ్యాహ్నం లారీలు ఆగేచోట తన కాఫీ దుకాణంలో అత్తమ్మ ఉప్పు గురించి రెండు మాటలు విసిరేది. నలభై కుటుంబాలు ఈ ఆరు మాటలు పట్టుకుని ఏడాదంతా బతికేవి.

నేను ఆ ఇంటికి అల్లుడిగా వెళ్ళిన మొదటి ఉప్పు కాలం అది. మా దేశపు నోటు రూపియా విలువ రోజురోజుకీ జారిపోయిన ఏడు. మా మదురా దీవిలో పెళ్ళయితే మగాడే మూట సర్దుకుని పెళ్ళాం ఇంటికి పోతాడు గనక, ఇల్లరికం వచ్చానని నన్నెవరూ నవ్వలేదు. కొండమీది పొగాకు ఊరి నుంచి వచ్చానని మాత్రం కడుపారా నవ్వారు. నాకు తెలిసిన పంట పచ్చగా ఉండేది. ఇక్కడ మడిలోకి సముద్రపు నీళ్ళు వదిలి, ఎండకి చిక్కబడనిచ్చి, అడుగున తెల్లగా పేరుకునేదాకా కాపలా కాయడమే పంట. మొదటి వారం చెక్క పలకతో ఉప్పు లాగబోయి కింది బురద కూడా కలిపి లాగాను. పక్క మడి దురాసిత్ వచ్చి నా కుప్పని ఈ పక్కనుంచీ ఆ పక్కనుంచీ చూసి, "ఇది ఉప్పా, బెల్లమా?" అని అడిగాడు. ఊరికి వారం రోజులు అదే కాలక్షేపం.

మామయ్య పేరు మత్రావి. పెద్దాయన్ని 'కే' అనడం మా అలవాటు గనక ఊరందరికీ కే మత్రావి. సన్నగా, పొడుగ్గా, మాట తొందరపడని మనిషి. సముద్రం మీది గాలిని ముక్కుతోనూ, మడిలో నీళ్ళని నాలుకతోనూ, నాగలి చుక్కల్ని కళ్ళతోనూ పరీక్ష చేస్తాడని చెప్పుకునేవారు. అత్తమ్మ మిస్నతి పొట్టిగా, గుండ్రంగా ఉండేది, నోరు మాత్రం బారెడు. లారీ డ్రైవరు సిగరెట్లు పెట్టెగా కొంటున్నాడా విడిగా కొంటున్నాడా, కాఫీ కూర్చుని తాగుతున్నాడా నిలబడి ఊదుకుంటూ తాగుతున్నాడా చూసి, సురబాయా బజారులో ఉప్పు ఎటు పోతోందో చెప్పేస్తుందని ప్రతీతి. ఆ ఏడు డ్రైవర్లంతా విడి సిగరెట్లకి దిగారు. అత్తమ్మ దుకాణం బల్ల తుడుస్తూ, "కాగితం దాచుకున్నవాడికి కాగితమే మిగులుతుంది. ఉప్పు దాచుకోండి, ఎవరూ అమ్మొద్దు," అంది. అక్కడే కూర్చున్న దళారీ హాజీ బునావికి కాఫీ చేదెక్కింది, సగంలో లేచిపోయాడు.

వాళ్ళిద్దరూ ఒకరినొకరు నేరుగా పలకరించుకున్నది నేను తక్కువ చూశాను. "మీ ఆకాశం వారు భోంచేశారేమో అడుగు," అని అత్తమ్మ కూతురితో అనేది. ఆయన రెండడుగుల దూరంలో కూర్చుని వింటూ, "భోంచేశానని బజారు గారితో చెప్పు, రేపు కారం తగ్గించమను," అనేవాడు. మధ్యలో నా భార్య హొజైమా రెండు వైపులా తల ఆడిస్తూ పెరిగింది. వాళ్ళకి పడదేమోనని మొదట్లో నేను కంగారుపడ్డాను. హొజైమా నా అమాయకత్వానికి నవ్వింది.

మామయ్య నాకు ఆరు మడులు విడిగా ఇచ్చాడు. వాటి మీద వచ్చేది మా ఇద్దరిదీ, దాంతో తూర్పు చివర ఒక గది కట్టుకొమ్మన్నాడు. అప్పటికి నేనూ హొజైమా ఉప్పు కొట్టు పక్కన చాప అడ్డం కట్టుకుని పడుకునేవాళ్ళం. ఆయన దగ్గితే మాకు వినిపించేది, మేం గుసగుసలాడితే ఆయన దగ్గేవాడు. పైగా హొజైమాకి ఐదో నెల. వానలు మొదలయ్యేలోపు గోడలు లేచి పైన పెంకులు పడాలి. పడకపోతే ఇంకో ఏడాది చంటిబిడ్డతో సహా చాప వెనకే. ఆ గది నాకు ఎంత కావాలో ఇప్పుడు చెప్పినా చిన్నపిల్లాడి మాటలా ఉంటుంది. రోజూ పొద్దున దాని పునాది మీద నిలబడి పళ్ళు తోముకునేవాణ్ణి.

అదంతా ఆఖరి తీత మీద ఆధారపడి ఉంది. వానకి ముందు చివరిసారి ఉప్పు తీసేసి, మడుల్లో నీళ్ళు బయటికి వదిలేసే రోజు అది. ముందు తీస్తే పది పదిహేను రోజుల ఎండ దండగ, ఉప్పు కూడా లేతగా రవ్వలా వస్తుంది. ఆలస్యం చేస్తే ఒక్క వానకి మడి మొత్తం బురదనీళ్ళు. ఆ రోజు ఎప్పుడో కే మత్రావి చెప్పాలి. ఇరవై ఏడేళ్ళుగా ఆయన చెప్పిన రోజున ఊరంతా తీసింది, ఆ వెనకే వాన పడింది.

ఇక ఆ చేట సంగతి. ఉప్పు పండించడం నేర్పిన పూర్వీకుడి పేర ఆ ఊరివాళ్ళు ఏటా మూడుసార్లు న్యాదర్ విందు చేస్తారు. దువా చదివిన ఆ అన్నంలో తిన్నంత తిని, మిగిలింది ఇంటికి తెచ్చి, ఎండబెట్టి, ఏడాది పొడుగునా వండే కుండలో చిటికెడు వేస్తారు. మా ఇంట్లో ఆ మెతుకుల చేట అత్తమ్మ దుకాణం చూరు మీద ఉండేది. వాటికి వాన చుక్క తగిలిందంటే ఆ ఏటి దీవెన పోయినట్టే గనక దాన్ని ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు తీయాలో ఆమె ఒక్కతే చూసుకునేది. ఇంకొకరు ముట్టుకోకూడదని కాదు. ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు.

అక్టోబరు నడిమిలో సముద్రం అవతలి సితుబొందో నుంచి కబురొచ్చింది. హొజైమా అక్కకి, అంటే మా వదినకి, నెలలు నిండాయి, అమ్మ రావాలి. అత్తమ్మ సగం వంటిల్లు మూట కట్టింది. హొజైమాకి చేట అప్పగించింది. తను వచ్చేదాకా ఒక్క బస్తా కూడా హాజీ బునావి లారీ ఎక్కకూడదని నా చేత మాట తీసుకుంది. దుకాణం తలుపు వేసి తాళం లాగి చూసుకుంది. మామయ్య గుమ్మంలో నిలబడ్డాడు. ఆ రోజు మాత్రం మధ్యలో కూతురు లేకుండానే మాట్లాడుకున్నారు.

"ఎన్నాళ్ళు?" అన్నాడాయన.

"బిడ్డ బయటికొచ్చి నన్ను చూసి నవ్వేదాకా."

"ఇక్కడ ధరలెవరు చెబుతారు?"

"మీ చుక్కల్నే అడగండి," అని పడవ రేవుకి వెళ్ళిపోయింది.

మూడు రోజులు మామయ్య హుషారుగా ఉన్నాడు. కారం లేని కూర తిన్నాడు, కాఫీలో మూడు చెంచాల పంచదార వేసుకున్నాడు. నాలుగో రోజు నుంచి అన్నం ముందు కూర్చుని ఏదో మరిచిపోయినవాడిలా చూసేవాడు. ఊళ్ళో వాళ్ళు అరుగు మీదికి రావడం మొదలెట్టారు. నెలాఖరు అవుతోంది, ఆఖరి తీత ఎప్పుడని అడిగారు. చూద్దాం అన్నాడు. మర్నాడూ చూద్దాం అన్నాడు. రోజుకి రెండుసార్లు ఏ పనీ లేకుండా మూసిన దుకాణం దాకా నడిచివెళ్ళి వచ్చేవాడు. పెళ్ళాం మీద బెంగ పెట్టుకున్నాడని నేనూ హొజైమా ముచ్చటపడ్డాం. మా నాన్న కూడా ఇలాగే ఉంటే బాగుండేదనిపించింది నాకు.

అలా ఉండగా ఒక పొద్దున మామయ్య అరుగు మీద లేచి నిలబడి, ఎల్లుండి ఆఖరి తీత అని చెప్పాడు. గాలి తిరిగిందన్నాడు. నాగలి చుక్కలు ఉండాల్సిన చోటికి వచ్చాయన్నాడు. ఊరు ఊరంతా మడుల్లోకి దిగింది. నా ఆరు మడుల్లో ఉప్పు అప్పటికి ఆరు రోజులదే, వేళ్ళ మధ్య నలిగిపోతోంది. మనసొప్పకపోయినా తీశాను. నీళ్ళు వదిలేశాను. కొందరు మడుల్లోకి నీళ్ళు తోడే గాలిమరల రెక్కలు కూడా విప్పి ఇంటికి మోసుకెళ్ళారు.

వాన రాలేదు. రెండు రోజులైంది, మూడైంది. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఐదో రోజుకి ఖాళీ మడులు ఎండి నెర్రెలిచ్చాయి. ఆ ఎండంతా మా కళ్ళముందే దండగ అవుతుంటే చూస్తూ కూర్చున్నాం. చుక్కలకి కళ్ళద్దాలు కొనిపెట్టాలేమో అని దురాసిత్ అన్నాడు. మామయ్యకి వినిపించేంత దగ్గర నిలబడే అన్నాడు. హాజీ బునావి లారీలు తెచ్చి, వానా లేదు ధరా లేదు, ఇచ్చేయండి అని ఇల్లిల్లూ తిరిగితే దురాసిత్ సగం కుప్ప అమ్మేశాడు. నా గది గోడలు ఛాతీ ఎత్తున ఆగిపోయాయి. మామయ్య అరుగు మీదికి వెళ్ళడం మానేశాడు. నమాజుకి అందరికంటే వెనక వెళ్ళి అందరికంటే ముందు వచ్చేసేవాడు. అంత పొడుగు మనిషి తల దించుకుని నడుస్తుంటే నాకు కోపం రాలేదు, దుఃఖం వచ్చింది.

ఆరో రోజు మధ్యాహ్నం దుకాణం దగ్గర ఆయన ఒక్కడే నిలబడి చూరుకేసి చూస్తున్నాడు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"ఇక్కడి చేట మీ ఆవిడ ఎందుకు తీసింది?" అన్నాడు చూపు తిప్పకుండా.

"దురాసిత్ కోళ్ళు చూరెక్కడం నేర్చుకున్నాయి మామయ్యా. మెతుకులన్నీ పొడుస్తున్నాయని లోపల పెట్టింది."

"కోళ్ళా," అన్నాడు మెల్లిగా. బల్ల మీద కూర్చున్నాడు. మళ్ళీ, "కోళ్ళా," అన్నాడు.

తర్వాత చెప్పాడు. పెళ్ళయిన కొత్తలో గమనించాడట. అత్తమ్మ ఆ చేట లోపలికి తీసిందంటే మర్నాడో ఆ మర్నాడో వాన. ఊరికే జరిగిందేమోనని మూడేళ్ళు సరిచూసుకున్నాడు. ఒక్కసారీ తప్పలేదు. గాలీ చుక్కలూ కాలం చెబుతాయి గానీ రోజు చెప్పవు, రోజు ఆమె ముక్కుకే తెలుస్తుందని తేల్చుకున్నాడు. అప్పట్నుంచీ సాయంత్రం ఆమె చేట తీయడం, పొద్దున ఈయన అరుగు మీద చెప్పడం. ఈసారి కూతురు తీస్తే, తల్లి ముక్కే వచ్చిందనుకున్నాడు.

"మరి చుక్కలు?" అన్నాను.

"అవి ఎలాగూ ఉన్నాయిగా. వాటి పేరు చెబితే వాటికేం నష్టం?"

"అత్తమ్మకి తెలుసా?"

"తెలిస్తే నన్ను బతకనిస్తుందా?" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు సితుబొందో వెళ్ళు. ఎండుచేపలు తెచ్చానని చెప్పు. మాటల్లో మాటగా వాన ఎప్పుడో అడుగు. నేనడిగానని మాత్రం చెప్పకు," అన్నాడు. ఇరవై ఏడేళ్ళు ఊరిని నడిపించిన మనిషి నా చేతిలో ఎండుచేపల పొట్లం పెడుతుంటే నా కళ్ళలోకి చూడలేకపోయాడు.

మర్నాడు పడవెక్కాను. అవతలి ఒడ్డున వదిన ఇంట్లో అత్తమ్మ మనవడి ఉయ్యాల ఊపుతోంది. పొట్లం చూసి, "సితుబొందోలో చేపలు కరువయ్యాయా? ఎవరు పంపారు?" అంది. ఆమె ముందు అబద్ధం ఆడటం నాకు అప్పటికి చేతకాదు. అక్కడే నేల మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. చేట, కోళ్ళు, ఖాళీ మడులు, ఆయన తల దించుకుని నడవడం.

అత్తమ్మ మొదట కోళ్ళ దగ్గర నవ్వింది. ఉయ్యాలలో పిల్లాడు లేచి ఏడ్చేదాకా నవ్వింది. తర్వాత పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "నాకేం తెలుసయ్యా వాన సంగతి? పొయ్యి మీద చేప మాడినా తెలియని ముక్కు నాది," అంది.

"మరి చేట ఎలా తీస్తారు?"

"ఆయన్ని చూసి తీస్తాను."

ఆమె పిల్లాణ్ణి భుజాన వేసుకుని జోకొడుతూ చెప్పింది. పెళ్ళికి ముందు మామయ్య గాలిమర మీంచి పడ్డాడు. కుడి మోకాలు విరిగింది. అది అతికింది గానీ మనసులో పెట్టుకుంది. వాన రెండు రోజుల్లో ఉందనగా, పడమటి వసారాలో పడుకునే మనిషి నిద్రలో చాప లాక్కుని వంటింటి గోడ పక్కకి వచ్చేస్తాడు. ఆ గోడకి పొయ్యి వెచ్చదనం ఉంటుంది. తెల్లారి లేచి, ఇక్కడికెలా వచ్చానని కూడా అనుకోడు, చాప చుట్టేసి నమాజుకి వెళ్ళిపోతాడు. ఆ చాప అక్కడ కనిపించిన రోజున ఆమె చేట తీస్తుంది.

"ధర కూడా అంతే. ఆఖరి తీత రేపో ఎల్లుండో అని అందరికంటే ముందు తెలిస్తే, ఉప్పు ధర పెరుగుతుందని చెప్పడానికి చదువుకోవాలా?"

"మరి డ్రైవర్ల సిగరెట్లు?"

"అవీ చూస్తాను. దుకాణంలో కూర్చుని ఇంకేం చూడను?" అంది. మామయ్య చుక్కల గురించి అన్నట్టే అంది.

ఇప్పుడు చాప ఎక్కడుందని అడిగింది. పడమటి వసారాలోనే ఉందన్నాను. అయితే వాన దగ్గర్లో లేదు, మడులు మళ్ళీ నింపుకోండి అంది. మోకాలి మాట ఆయన చెవిన పడనివ్వొద్దని గట్టిగా చెప్పింది. తెలిసిందంటే రోజూ పొద్దున దాని మీద చెయ్యి వేసుకుని కూర్చుంటాడు, అప్పుడది వాన చెప్పడం మానేసి వయసు చెప్పడం మొదలెడుతుంది అంది. నేను లేచి బయల్దేరుతుంటే వీధి గుమ్మం దాకా వచ్చింది.

"రోజూ చూసేవాడన్నమాట నా చేట," అంది. ఆమె మొహంలో సంతోషం దాచుకుందామన్నా దాగలేదు. ఇరవై ఏడేళ్ళు ఒకరినొకరు చూసుకోనట్టు నటిస్తూ ఇద్దరూ చూసింది ఒకరినొకరినే అని పడవలో కూర్చున్నాక నాకు అర్థమైంది. నీళ్ళకేసి చూస్తూ నాలో నేను నవ్వుకుంటుంటే పక్కనున్న ముసలాయన కొంచెం దూరం జరిగాడు.

మామయ్య రేవులోనే నిలబడి ఉన్నాడు.

"ఏమంది?"

"వాన దగ్గర్లో లేదంది. మడులు నింపమంది."

"ఏం చూసి చెప్పింది?"

"సముద్రం చూసి," అన్నాను. అత్తమ్మ ముందు చేతకాని అబద్ధం ఆయన ముందు సులువుగా వచ్చేసింది.

మర్నాడు పొద్దున నమాజు అయ్యాక మామయ్య వారం తర్వాత మొదటిసారి అరుగు మీదికి వచ్చాడు. కూర్చోలేదు. "నేను తప్పు చెప్పాను. మీ ఎండ దండగ చేశాను. వాన ఇంకా దూరం ఉంది, మళ్ళీ నింపుకోండి," అన్నాడు. దురాసిత్, ఈసారి ఏ చుక్క చెప్పిందని అడిగాడు.

"చుక్కలేం చెప్పలేదు. నేను చెబుతున్నాను. నమ్మినవాళ్ళు నింపుకోండి."

సగం మందే నింపారు. అందరికంటే ముందు నేను తూము ఎత్తాను. నమ్మకంతో కాదు, ఆ గది మీద ఆశతో. నవంబరు మొదటి వారంలో కొత్తగా నీళ్ళు పెట్టినవాణ్ణి పొగాకు ఊళ్ళో కూడా పిచ్చివాడనే అంటారు. నాకున్న ధైర్యమల్లా ఒక ముసలాయన మోకాలు.

హొజైమాకి మాత్రం అంతా చెప్పాను. ఆ రోజు నుంచి కళ్ళు తెరవగానే నేను చేసే మొదటి పని చాప అడ్డు తొలగించి వసారాకేసి తొంగిచూడటం. పెళ్ళాం మొహం చూడకుండా మామగారి పడక చూసే అల్లుడు దీవి మొత్తం మీద నువ్వొక్కడివే అని ఆమె దెప్పేది. నేను చూడటం మరిచిపోతే మాత్రం తనే మోచేత్తో పొడిచి లేపేది.

రెండుసార్లు మబ్బులు పట్టాయి. ఒకసారి ఉరిమింది కూడా. నింపనివాళ్ళు గట్టు మీద నిలబడి నింపినవాళ్ళకేసి జాలిగా చూశారు. నేను ఇంటికి పరిగెత్తుకొచ్చి వసారా చూశాను. చాప పడమటి వైపే ఉంది, దాని మీద మామయ్య వెల్లకిలా పడుకుని గురక పెడుతున్నాడు. ఆ గురక అంత హాయిగా నాకు ఎప్పుడూ వినిపించలేదు. మబ్బులు ఎటో పోయాయి.

పదమూడో రోజున ఉప్పు తీశాను. గాజు పలుకుల్లాంటి ఉప్పు. దురాసిత్ ఒక పలుకు నోట్లో వేసుకుని చప్పరిస్తూ వెళ్ళిపోయాడు. హాజీ బునావికి ఒక్క బస్తా కూడా ఇవ్వనని అత్తమ్మకి మాటిచ్చాను గనక గదికి డబ్బెక్కడిదని దిగులుపడ్డాను. పెంకుల బట్టీవాడి దగ్గరికి వెళ్తే అతనే కాగితాలు వద్దన్నాడు. ఇవాళ తీసుకున్న నోటు రేపటికి సగం అవుతోంది, ఉప్పుంటే ఉప్పివ్వు అన్నాడు. దుకాణం బల్ల తుడుస్తూ అత్తమ్మ అన్న మాట అక్షరాలా నిజమైంది. ఉప్పు బస్తాలు బండెక్కి వెళ్ళాయి, పెంకులు బండెక్కి వచ్చాయి. నేనూ మామయ్యా కలిసి గోడలు లేపి కప్పు మొదలెట్టాం. మడుల్లో రెండో పొర పేరుకుంటోంది.

నవంబరు ఆఖర్న ఒక పొద్దున నేను చాప అడ్డు తొలగించి చూస్తే పడమటి వసారా ఖాళీ. మామయ్య వంటింటి గోడకి ఆనుకుని, కుడి మోకాలి మీద చెయ్యి వేసుకుని, మోకాలిని గోడకేసి నొక్కిపెట్టి నిద్రపోతున్నాడు. హొజైమాని లేపాను. ఆమె చూసి తల ఊపింది. ఆయన లేచి చాప చుట్టి నమాజుకి వెళ్ళి వచ్చాడు. అరుగు మీద ఆ రోజు కూడా ఇంకా లేదనే చెప్పి వచ్చాడు. ఇంటికొచ్చి కాఫీ గ్లాసుతో మెట్టు మీద కూర్చున్నాడు. ఎదురుగా దుకాణం చూరు మీద, హొజైమా మళ్ళీ పెట్టిన చేట ఉంది.

హొజైమా ఏడో నెల కడుపుతో అచ్చం వాళ్ళమ్మలా నడుస్తూ వెళ్ళింది. వాళ్ళమ్మలాగే దారిలో కోళ్ళని తిట్టింది. చేట దించి, మెతుకులు ఒకసారి చెరిగి, నడుముకి ఆనించుకుని ఇంట్లోకి వచ్చేసింది. మా ఇద్దరి వైపూ చూడలేదు.

మామయ్య చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"కోళ్ళా?" అన్నాడు నాతో.

"ఇవాళ కోళ్ళు చూరెక్కలేదు మామయ్యా," అన్నాను.

గ్లాసు మెట్టు మీద పెట్టి లేచాడు. అంత పొడుగు మనిషి మళ్ళీ అంత పొడుగూ నిలబడ్డాడు. తిన్నగా నమాజు అరుగుకి వెళ్ళి, నమాజుకి పిలిచే పెద్ద డోలు వేళ కాని వేళలో వాయించాడు. వచ్చినవాళ్ళకి రేపు సాయంత్రంలోపు ఆఖరి తీత అని చెప్పాడు. పొద్దున ఇంకా లేదన్నారుగా అని ఎవరో అన్నారు. పొద్దున వేరు, ఇప్పుడు వేరు అన్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా ఈసారి ఎవరూ నవ్వలేదు. మడులు నింపనివాళ్ళు కూడా పలకలు పట్టుకుని వచ్చి నింపినవాళ్ళకి సాయం చేశారు. దురాసిత్ నా మడిలో దిగి నా కంటే శుభ్రంగా తీశాడు. బురద రానివ్వకుండా పలక ఎలా పట్టాలో నాకు ఆ రోజే సరిగ్గా చూపించాడు.

మర్నాడు సాయంత్రం ఆఖరి బస్తా కొట్టులో పడ్డాక నేను గది కప్పు ఎక్కాను. ఒక మూల ఇంకా పాతిక పెంకులు వేయాలి. పదో పన్నెండో వేశానో లేదో, సముద్రం వైపు నుంచి తెల్లటి గోడలా వాన వచ్చేసింది. కప్పు మీదే తడుస్తూ మిగతావి వేశాను. కింద గదిలోంచి హొజైమా, ఇక్కడ కారుతోంది, అక్కడ కారడం లేదు అని కేకేసి చెబుతోంది. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో ఆ వానలో ఎవరికీ తెలియలేదు. నాకు మాత్రం తెలుసు, రెండూ చేశాను.

వారం తర్వాత అత్తమ్మ వచ్చింది. మూట దించకుండానే చూరుకేసి చూసి, చేట ఎవరు తీశారంది. నేనే అంది హొజైమా. ఎందుకు తీశావంటే, కోళ్ళొచ్చాయి అంది. మెట్టు మీద మామయ్యకి కాఫీ పొలమారింది. "మీ ఆకాశం వారికి మంచినీళ్ళివ్వు," అంది అత్తమ్మ. ఆ రాత్రి కళాయిలో రాళ్ళుప్పు వేయించి గుడ్డలో మూటకట్టి ఆయన మోకాలికి కాపడం పెట్టింది. ఏటా మొదటి వానలకి పెడుతుందట. వాన చలికి అని ఆయన అనుకునేవాడు. ముందే పెట్టొచ్చుగా అమ్మా, నొప్పి తగ్గేది కదా అని హొజైమా చెవిలో అడిగితే, తగ్గితే ఊరేమైపోవాలే అని అత్తమ్మ గదమాయించింది. ఉపవాసాల నెల వచ్చేసరికి ఉప్పు ధర రెండింతలైంది. సగం ముందే అమ్మేసుకున్న దురాసిత్ ఆ కోళ్ళని ఒక్కొక్కటిగా కోసి తిన్నాడు. ఆ గదిలోనే మా పెద్దమ్మాయి పుట్టింది.

మామయ్య పోయి తొమ్మిదేళ్ళయింది, అత్తమ్మ పోయి ఆరేళ్ళు. చివరిదాకా మామయ్య చేటనే చూశాడు, అత్తమ్మ చాపనే చూసింది. మోకాలి మాట మామయ్యకి చెప్పలేదు, అత్తమ్మ ముందు నోరు జారానని కూడా చెప్పలేదు.

ఇప్పుడు అరుగు మీద నలుగురూ నన్నడుగుతున్నారు. నేను గాలి వాసన చూస్తాను, మడి నీళ్ళు నాలిక్కి రాసుకుంటాను, నాగలి చుక్కలకేసి తలెత్తుతాను. మనసులో మాత్రం నిన్న సాయంత్రం చూరు మీద చేట ఉందో లేదో గుర్తుచేసుకుని, ఉంటే వాన ఇంకా లేదని చెబుతాను. ఇంతవరకూ పరువు దక్కుతూనే ఉంది. నాకు మోకాళ్ళ నొప్పులు లేవు. నిద్రలో చాప కదపను. మరి హొజైమా దేన్ని చూసి చేట తీస్తోందో నాకు తెలియదు.

మొన్నామధ్య అడగబోయాను. ఆమె చేట పట్టుకుని చూరు దగ్గర నిలబడి, నన్ను నెత్తి నుంచి పాదాల దాకా ఒకసారి తీరిగ్గా చూసింది. నవ్వుకుంది. ఇంకా రెండు మూడు రోజులు ఎండనివ్వొచ్చు అనుకుంటూ చేటని మళ్ళీ చూరు మీద పెట్టేసింది. నేను అరుగు దగ్గరికి వెళ్ళి అందరితో ఆ మాటే చెప్పాను.